టకటక

సుక్మా బస్టాండు పక్క షెడ్డులో మెకానిక్, దారిలో ఆగిపోయిన బైకు ఇంజను విప్పి చూశాడు. ఒళ్లు మండి, పిస్టన్ తీసి బైకు తెచ్చినవాడి ముక్కు ముందు పెట్టాడు.

“ఏంది తమ్ముడూ ఇది? ఎలుకలు కొరికినట్టుంది!”

“స్పీడు కోసం ప్లగ్గు మంట టైమింగ్ ముందుకు జరిపిచ్చిన, అన్నా.”

“అందుకే! పిస్టన్ ఇంకా పైకి వస్తుండంగనే మంట లేచి, దాని నెత్తిన సుత్తెతోని కొట్టినట్టు కొడ్తాంది. ఆ టకటక ఇనపడలేదా?”

“ఇనపడ్డది. మంచిగుండె.”

“మంచిగుండెనా! కొత్త పిస్టన్ ఏసి, టైమింగ్ ఎనక్కి పెడ్త. ఇగ చప్పుడే ఉండదు.”

“వద్దన్నా! తోంగ్‌పాల్ ఊర్ల ఆ చప్పుడు ఇంటేనే రామతులసి అనే పిల్ల ఇంట్లకెళ్లి బయటికొస్తది.”

మెకానిక్ కోపం సగంలోనే చల్లారింది.

“హారన్ కొట్టరాదా మరి?”

“కొట్టిన అన్నా. వాళ్ల నాయిన వచ్చిండు.”