జంగయ్య చేసిన సీల

“ఇంకెంతసేపురా? గంట సంది ఎత్తుతున్నవ్, దించుతున్నవ్!”

“చక్రం బొక్కకు ఇరుసు బొక్క కలుస్తలేదు దొరా.”

దేవరకొండ నుంచి హైదరాబాదు పట్నం పోయే బాట. నలభై ఎనిమిది సెప్టెంబరు, మిట్టమధ్యాహ్నం. మోటరు జాకీ మీద ఉంది, స్టెప్నీ చక్రం డ్రైవరు కురుమయ్య చేతుల్లో ఉంది, రఘుపతి దొర తుమ్మచెట్టు నీడలో ఉన్నాడు. యూనియన్ మిలిటరీ వస్తోందని తెలిసి గడిలో కాపున్న రజాకార్లు పొద్దున్నే మూటాముల్లె సర్దుకుంటే, వాళ్ల వెనకే ఆయనా బయల్దేరాడు. నిన్నటిదాకా ఊరిని గడగడలాడించిన దొరకు ఇవాళ ఒక్క చక్రం లొంగడం లేదు.

“లారీలోళ్ళు గింతసేపు చేస్తరార చక్రం ఎక్కియ్య?”

“లారీ ముచ్చట వేరు దొరా. దాని ఇరుసుకే బోల్టులుంటయి. చక్రం తగిలిచ్చి నట్లు బిగిస్తే అయిపాయె. మీ ఇంగ్లాండు మోటరుకు ఒట్టి బొక్కలే. చక్రం ఎత్తి పట్టాలె, బొక్క చూడాలె, బోల్టు పెట్టాలె. నాకు మూడు చేతులు లేవు గద!”

“మరి మొన్న ఒక్కనివే చిటికెల ఎక్కిచ్చినవ్?”

“అప్పుడు సీల ఉండె.”

“ఏం సీల?”

“కమ్మరి జంగయ్య చేసింది. పాత బోల్టు తల కోసి, దానికి జానెడు కడ్డీ అతికిచ్చి ఇచ్చిండు. ముందుగాల దాన్ని ఇరుసు పై బొక్కల తిప్పి, చిలక్కొయ్యకు అంగీ తగిలిచ్చినట్టు చక్రం తగిలిచ్చుడే. బరువంత సీల మోస్తది. నిమ్మలంగ మూడు బోల్టులు పెట్టి, సీల తీసి నాలుగోది పెట్టాలె.”

“అట్లయితే తీయరాదురా దాన్ని!”

“లేదు.”

“పోగొట్టినవా? గాడిద కొడుకా, గిసుంటి దినాన—”

“నేను పోగొట్టలే. జానెడు ఇనుము గూడ ఎవ్వని కాడ కానరావొద్దని మీరే గద హుకుం ఇచ్చిన్రు. కొడవండ్లు, గొడ్డండ్లు, పలుగులు, అన్నీ గుంజుకొచ్చి గడి ఎనుక రాతిగోడల అర్రల పోసిన్రు. మోటరు పెట్టె గూడ ఇప్పిన్రు. జాకీ, పానా ఎట్లనో మిగిలినయి, సీల అండ్లనే పాయె.”

“మోటరు సామాను తియ్యమన్ననారా నేను?”

“చెప్పిన దొరా. ఇది ఆయుధం గాదు, చక్రం ఎక్కిచ్చేది అన్న. మీరు అరుగు మీద కూసొని ‘ఇనుము ఇనుమే, పడెయ్యి’ అన్నరు.”

“సరే, సరే. ఇంకోపారి ఎత్తు.”

“ఎత్తుతున్న... ఛీ, దీని! మల్ల జారె.”

“ఎర్రజెండా సంగపోళ్ళు వాసన పట్టిన్రంటే నా తోలు ఒలుస్తరురా! జర ఫికరన్న లేదా నీకు?”

“నాకూ ఫికరున్నది దొరా. జంగయ్యను ఇడిచిన్రా?”

“ఏ జంగయ్య?”

“సీల చేసిన జంగయ్యనే. సంగానికి బరిసెలు చేసిండని కాళ్ళు చేతులు కట్టి గా అర్రలనే ఏసి తాళం పెట్టిన్రు గద. మూడు దినాలాయె. పొద్దుగాల ఆని పెండ్లాం యాదమ్మ నా ఎంట వడి ఏడ్వబట్టె, ఇంటికి రాలేదన్నా అని.”

“ఇడిచిపెట్టమని చెప్పిన.”

“ఎవలకు?”

“రజాకార్లకు.”

“ఎప్పుడు?”

“పెద్ద వకీలువైనవ్‌రా! ముందుగాల చక్రం చూడు.”

“చక్రం ఒక్కనితోటి కాదు. మీరొచ్చి పట్టాలె.”

“నేనా?”

“ఈడ మీరు, నేను తప్ప ఎవలున్నరు?”

“నా జన్మల చక్రం ముట్టలేదురా నేను.”

“నేను గూడ నా జన్మల మిమ్ముల గిట్ల అడగలే. పట్టకుంటే ఈడనే ఉందాం.”

“...ఎక్కడ పట్టాలె?”

“టైరు కిందికెల్లి. మోకాలు మట్టికి ఆనియ్యుండ్రి. షేర్వానీ ఖరాబైతే కానియ్యుండ్రి. లేపుండ్రి... ఇంకొంచెం... ఎడమకు తిప్పుండ్రి. ఎడమ దొరా, ఎడమ!”

“వేళ్ళు తెగుతున్నయ్‌రా!”

“ఇడువకుండ్రి! ఇడిస్తే నా చెయ్యి నుజ్జైతది... పడ్డది! ఒకటి పడ్డది. ఇగ ఇడువుండ్రి, అది మోస్తది.”

“అబ్బా... నడుము పాయెరా.”

“మీ జేబులకెల్లి ఏదో పడ్డది. తాళంచెవి.”

“ఇటు తే.”

“గిది గా అర్రదే గద?”

“ఇటు తే అన్ననా!”

“అంటే జంగయ్య ఇంక లోపలనే ఉన్నడు. గడిల పురుగు లేదు. అండ్ల ఒర్లినా బయటికి ఇనపడదు. తాళం మీ జేబుల—”

“మర్చిపోయినరా! ఉరుకులాటల మర్చిపోయిన. ఇప్పుడేం చేద్దామంటవ్? పట్నం పోయినంక ఎవన్నన్న పంపుదాం.”

“రెండు దినాలైతది.”

“ఉంటడులే. కమ్మరోడు, గట్టి పానం.”

“...తీస్కోండ్రి, మీ తాళం.”

“బిగిచ్చినవా?”

“నాలుగూ బిగిచ్చిన. జాకీ తీసిన. ఎక్కుండ్రి.”

“ఇగ పోనియ్యి. ఉరికియ్యి! ...ఏయ్, ఎందుకు తిప్పుతున్నవ్? పట్నం అటు గదరా!”

“ఎరికే.”

“కురుమయ్యా! ఆపు! ఊరికి పోతే నన్ను బతకనియ్యర్రా. తాళం నీకే ఇస్త, తీస్కో. నన్ను ఈడ దించు!”

“గట్టిగ కూసోండ్రి దొరా. చక్రం పట్టిన చేతులే గద, తాళం గూడ తీస్తయి.”