దొరసాని కొడుకు సన్నబడ్డాడు

1948, దసరా ముందు రోజులు. పోలీసు చర్య ముగిసింది. కమ్యూనిస్టుల సంఘానికి భయపడి పారిపోయిన దొరలు మిలిటరీ వెంట ఊళ్లకు తిరిగి వస్తున్నారు. తిరుమలగిరి దగ్గరి ఒక ఊళ్లో, సాలెవాడలో, ఇంకా గడికైనా పోకుండా వెంకటనర్సమ్మ ఇంటి ముందు బండి దిగింది గడి దొరసాని నిర్మలమ్మ.

“కూసునుడు తర్వాత, వెంకటనర్సమ్మా. ముందు నా కొడుకును పిలువు.”

“ఎండల వచ్చిండ్రు దొరసాని. జర మంచినీళ్లు...”

“నీళ్లొద్దు. రఘుపతి ఏడి? అయిదు నెల్లాయె వాణ్ని చూడక.”

“శాన సన్నబడ్డడు దొరసాని. చూస్తే గుర్తుపట్టరు.”

“నిజంగనా? పన్నెండేండ్లకే రెండు బస్తాల లెక్క ఉండె గదనే!”

“ఉండె. గడి మెట్లు గూడ మీ జీతగాడు పోచయ్య భుజాల మీదనే ఎక్కె. మీరు పాలమూరుకు పారిపోయిన దినం, పొలం గట్టు మీద నాలుగు అడుగులేసి కూలబడె...”

“గదంత ఇప్పుడెందుకు? ఎత్తుకుందామంటే ఎవ్వలితోని కాకపాయె. నీ కాడ ఇడిసిన. ఏం చెప్పి పోయిన్నో యాదికుందా?”

“ఎట్ల మరుస్త? ‘సంఘపోళ్లు వీని పొట్ట చూసే గడి పిల్లగాడని పట్టుకుంటరు. మీ పిల్లల లెక్క చెయ్యి’ అన్నరు.”

“చేసినవు గద. ఎట్ల జేసినవే? పాలమూరు డాక్టరు సాబుతోనే కాలేదు.”

“ఆయన ఏం జెప్పిండు?”

“నెయ్యి బంద్ చెయ్యి, నడిపియ్యి అన్నడు. నాకు మండింది. దొర కొడుకు కూలోని లెక్క నడుస్తడా అని లేచొచ్చిన.”

“నేనూ గదే చేసిన దొరసాని. బంద్ చేసేటందుకు ఈడ నెయ్యి ఏడిది? పొద్దున అంబలి, మాపు జొన్నగట్క. మొదలు ఏడ్చుడే ఏడ్చుడు. గట్క ముద్ద తీసి గోడకు కొట్టిండు.”

“కొట్టినవా వాణ్ని?”

“నేనెందుకు కొడుత? నా కొడుకు సోమన్న గా ముద్ద గోడ మీదికెల్లి తీసుకొని తిన్నడు. తెల్లారి నుంచి మీవాడు ముద్ద ఇసరలే.”

“మరి నడక?”

“వాడల పడుగు పరుస్తం గద. నూలుకు గంజి పెట్టి, కుంచె గుంజుకుంట ఈ కొసకెల్లి ఆ కొస దాక నడువాలె. ఒక దిక్కు సోమన్న, ఒక దిక్కు మీవాడు. మొదలు రొప్పుకుంట కూసునేటోడు. తర్వాత సోమన్ననే ఉరికిచ్చెటోడు.”

“సంఘపోళ్లు రాలేదా?”

“తొలి నెలల్నే వచ్చిండ్రు. మా అక్క కొడుకన్న. ఒకాయన వాని పొట్ట మీద తట్టి, ‘అక్కా, గిది మీ అంబలికి పెరిగిన పొట్ట కాదు’ అని నవ్విండు.”

“అయ్యో! పట్టుకున్నరా?”

“ఎందుకు పట్టుకుంటరు? ‘ఎవలోడైతేంది, పిల్లగాడు పిల్లగాడే’ అనుకుంట పోయిండు.”

“బతికిచ్చినవే. ఇగ పిలువు. బండిల అరిసెలున్నయి.”

“దొరసాని... పిల్లగాడు మా ఇంట్ల ఉన్నట్టు దొరకు తెల్సునా?”

“తెల్వదు. ఆయన పట్నంల ఉండె గద. కొడుకును సాలోళ్లింట్ల ఇడిసిన్నంటే నన్ను బతకనిస్తడా? పాలమూర్ల మా అమ్మ కాడ ఉన్నడని చెప్పిన. ఎందుకడుగుతున్నవు?”

“ఉత్తగనే.”

“ఉత్తగ ఎందుకడుగుతవే? గా పడుగు తెగి మట్టిల పడ్డదేంది? వాడల ఒక్క పిల్లగాడు కానొస్తలేడేంది?”

“నిన్న పగటీలి మిలిటరీ లారీ వచ్చింది. ముందల జీపుల దొర. సంఘపోళ్లకు చిట్టీలు మోసే పిల్లగాండ్లు మా వాడల ఉన్నరని ఎవలో చెప్పిండ్రంట. దొరికినోన్ని దొరికినట్టు లారీల ఎక్కిచ్చిండ్రు. మా సోమన్నను గూడ...”

“రఘుపతి ఏడి అని అడుగుతున్న!”

“వాడు ఉరికిండు దొరసాని. జింక లెక్క ఉరికిండు. మిలిటరోళ్లను తప్పిచ్చుకొని జీపు కాడికి పోయి, ‘బాపూ, నేను’ అని దొర కాళ్లు పట్టుకున్నడు.”

“హమ్మయ్య! ఇంకేంది, గడికి తీసుకపోయిండు గద?”

“పేలు పడ్డయని నేనే గుండు చేపిచ్చిన. ఎండకు నల్లగయ్యిండు. గా దుమ్ముల, గా ఏడ్పులల్ల...”

“తీసుకపోయిండా, లేదా?”

“‘నా కొడుకు పాలమూర్ల నెయ్యిబువ్వ తింటుండు, ముందు గీ బక్కోన్ని ఎక్కియ్యిండ్రి’ అన్నడు దొరసాని.”