ఇబ్రహీం ఎడమకాలు

ఏందది అనిల్, చుట్ట చుట్టుకొచ్చినవ్? ఫ్లెక్సియా? ఇప్పు, చూద్దాం. ఓహో, ఇబ్రహీం యాదిల ఫుట్‌బాల్ పోటీలా! గింత పెద్ద మొకం ఎవరిది, ముఖ్య అతిథిదా? మరి ఇబ్రహీం ఏడీ? గీ మూలకున్నడా, తపాలా బిళ్ళంత? థూ, సిగ్గుండాలె. ఛాతిదాంక కోసి పెట్టిండ్రు. వాని పేరంత ఎడమకాలుతోని వచ్చిందిరా! మీరు కాలే కోసేసిండ్రు.

నువ్వు పుట్టకముందు ముచ్చట. నేను వనపర్తి కాలేజిల అటెండర్‌ను. బంతులకు గాలి కొట్టుడు, గ్రౌండ్ల సున్నం గీతలు గీసుడు నా పని. వాడు గోపాల్‌పేట నుంచి సైకిల్ మీద వస్తుండె. వాళ్ళక్క అక్తర్ బేగం కట్టిచ్చిన జొన్నరొట్టెల సగం నాకే పెడుతుండె. ఏం రొట్టెలో, పల్చగ, మెత్తగ... ఏడున్న నేను? ఆఁ, కాలు. కాలేజీల పోటీల ఫైనల్‌కు ముందు ఆ ఎడమకాలే ఇరిగింది. మనోళ్ళు దవాఖానకు పోతరా? కోడేరు ఊర్ల ఎముకలు కట్టే దాసు దగ్గరికి తోల్కపోయినం. కోడిగుడ్డు సొన, మినప్పిండి పట్టించి, వెదురుబద్దలు పెట్టి కట్టిండు. "నలభై దినాలు కాలు కింద పెట్టొద్దు. పెడితే మళ్ళ నా గడప తొక్కకు" అన్నడు. ఆయన్ని అననీకి లేదు, మంచిగనే కట్టిండు. ఇరవై ఆరో దినం గద్వాలల ఫైనల్ పడ్డది. ఒక పెద్దమనిషి, పేరు చెప్పను, నోరు పాడైతది, "గోల్ కొట్టు, నీ నౌకరి నా జిమ్మ" అన్నడు. మా ఆటల సారేమో గొంతు సన్నగ చేసి, "పది నిమిషాలే ఇబ్రహీం, పదే" అన్నడు. పది నిమిషాలంట! వాని అయ్య కాలా అది?

గోల్ కొట్టిండు. కొట్టినోడు ఆ గ్రౌండ్ల మళ్ళ లేవలె. కప్పు పట్టుకొని వీళ్ళు ఊరేగిండ్రు. వాడు ఆర్నెల్లు కుంటుకుంట ఆ పెద్దమనిషి ఇంటికి తిరిగిండు. ఎప్పుడు పోయినా "సారు స్నానం చేస్తుండు" అంటరు. ఆర్నెల్లు స్నానమా, దొంగ నాకొడుకులు! ఆఖరికి కాలేజి గ్రౌండు గోడపక్కనే ఉడకబెట్టిన పల్లీలు అమ్మిండు, సచ్చేదాంక. బంతి గోడ దుంకి వస్తే వంగి చేతులతోని ఎత్తి ఇసిరేటోడు. కాలుతోని ఒక్కనాడు తన్నలె.

ఏమంటవ్? రేపు స్టేజి మీద నాకు శాలువనా? ఎందుకురా? ఇందాకటిసంది అందర్ని తిడుతున్న గదా, మరి ఆ కట్టు ఇప్పింది ఎవడనుకున్నవ్? నేనే. సారు బ్లేడు చేతికిచ్చిండు, కోసిన. "రాములన్నా, జర పైలం, నొస్తది" అన్నడు వాడు. అయినా కోసిన. మా కాలేజి గెలవాలని నాకు గూడ ఉండె. వాడు నన్ను ఒక్క మాట అనలె, అనిల్. నేను గోడపక్క నుంచి పోతుంటె పిలిచి, వేడివేడి పల్లీలు పొట్లం కట్టి గీ చేతులనే పెడుతుండె.

...ఎండొచ్చింది. కుర్చి జర ఇటు జరుపు.