ఉప్పు ఎక్కువ వేసిన డబ్బా

మధ్యాహ్నం. చిన్న వంటగది. పొయ్యి మీద గిన్నె, దాని మీద ఇంకో గిన్నె. ఒక అల్లుడు, అతని అత్తగారు.

“ఆ మూత ఎందుకు పెట్టావు బాబూ?”

“త్వరగా కరుగుతుందని అత్తయ్యా.”

“కరిగిందా?”

“కరిగింది. కరిగాక ఇలా అయింది.”

“తడి ఇసకలా అయింది. మూతకి పట్టిన ఆవిరి చుక్క లోపల పడింది. చాక్లెట్‌కి నీళ్ళంటే పడదు. ఒక్క చుక్క పడితే చాలు, బిగుసుకుపోతుంది. మా పిల్ల నీకు చెప్పలేదూ?”

“చెప్పే ఉంటుంది. నేను తినడానికే కదా వంటగదిలోకి వచ్చేవాణ్ణి.”

“అదీ నిజమే. సరే, దీన్ని పక్కన పెట్టు. పాలల్లో కలుపుకుని తాగొచ్చు. ఇంకో పలక ఉందా?”

“ఉంది.”

“ముక్కలు చెయ్యి. చిన్నవి. ఇంకా చిన్నవి. మేకు కొట్టినట్టు కొడతావేం, తురిమినట్టు కొయ్యి. పై గిన్నె అడుగు కింద నీళ్ళకి తగలకూడదు. తుడిచావా గిన్నె?”

“పొడిగానే ఉంది.”

“పొడిగా ఉన్నా తుడిచెయ్యి. మా పిల్ల అలాగే చేసేది. మంట తగ్గించు.”

“ఇంత తక్కువా?”

“ఇంత తక్కువే. నాకు ఫోన్ చేసినప్పుడు ఏమన్నావో గుర్తుందా? ‘చాక్లెట్ గడ్డకట్టింది అత్తయ్యా, రాగలరా’ అన్నావు. ఇన్ని నెలల్లో నీ అంతట నువ్వు చేసిన మొదటి ఫోను. ఏం మునిగిపోయిందో అని చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చి బస్సెక్కాను.”

“చెప్పులున్నాయిగా.”

“బస్సు కదిలే లోపు మీ మావయ్య తెచ్చిచ్చారు. తీరా వస్తే నిజంగానే చాక్లెట్ గడ్డకట్టింది.”

“అదే చెప్పానుగా.”

“చెప్పావు. నీలాంటి నిజాయితీపరుణ్ణి చూడలేదు. ఇంతకీ ఎవరికి ఇవన్నీ?”

“ఆఫీసులో వాళ్ళకి.”

“ఆఫీసులో వాళ్ళకి.”

“ఊఁ.”

“పక్క సీటతనికి టీ ఇప్పించాలన్నా నీకు ప్రాణం మీదికొస్తుందని అది చెప్పి నవ్వేది.”

“సాయం చేశారు వాళ్ళు. అందుకని.”

“ఏం సాయం?”

“సెలవులిచ్చారు.”

“మంచివాళ్ళే. ఆ మెలికలు ఇటు పెట్టు.”

“ప్రెట్జెల్స్ అత్తయ్యా.”

“నాకు మెలికలే. ఉప్పు బిస్కెట్‌ని మెలితిప్పి దానికి నోరు తిరగని పేరు పెడితే నేనేం చెయ్యను. ఊఁ, ముంచు. సగమే. సగమే ముంచు బాబూ. పట్టుకునే చోట వదిలెయ్యాలి, లేకపోతే తినేవాళ్ళ వేళ్ళ నిండా అదే.”

“తను కూడా సగమే ముంచేది. పొదుపు కోసమేమో అనుకునేవాణ్ణి.”

“పైకి తీసి గిన్నె అంచుకి తట్టు. ఎక్కువైంది కారిపోనీ. ఇప్పుడు కాగితం మీద పెట్టు. పక్కదానికి అంటుకుంటుంది, జరుపు.”

“ఫ్రిజ్‌లో పెట్టనా?”

“పెట్టకు. చెమ్మ పట్టి తెల్లటి మచ్చలొస్తాయి. దానంతట అదే ఆరుతుంది. ఏదో మోగింది.”

“పక్కింట్లో.”

“పక్కింట్లో కాదు. ఈ చెంచాల సొరుగులో.”

“పక్కింట్లోనే అత్తయ్యా. ఇది బాగా పడిందా చూడండి.”

“బాగానే పడింది. ఆ చేత్తో తెరవకు, సొరుగంతా అవుతుంది. నేను తెరుస్తాను.”

“వద్దు.”

“ఇది దాని ఫోను.”

“ఊఁ.”

“నిండా ఛార్జింగు ఉంది.”

“ఊఁ.”

“ఇన్ని నెలలుగా దీనికి ఛార్జింగు ఎవరు పెడుతున్నారు?”

“నేనే.”

“ఎందుకు?”

“గిన్నెలో మాడుతోందేమో చూడండి.”

“మాడట్లేదు. ఎందుకు బాబూ?”

“ఈ చాక్లెట్ డబ్బాలకి ఆర్డర్లొస్తాయి కదా.”

“ఎవరికి వస్తాయి?”

“తనకి. అదే నంబరు కదా అందరి దగ్గరా ఉంది. అన్నీ కాదు. చాలామందికి తెలిసిపోయింది, వాళ్ళు మానేశారు. ఇప్పుడు ఒక్కావిడే. ఉప్పావిడ.”

“ఉప్పావిడ ఎవరు?”

“పేరు నాకూ తెలియదు. తను అలా రాసి పెట్టుకుంది ఫోన్లో. కడుపుతో ఉన్నప్పుడు వారం వారం వచ్చి తీసుకెళ్ళేది. చాక్లెట్ మీద ఇంకాస్త ఉప్పు చల్లమనేది. తర్వాత కాన్పుకి వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది. ఊళ్ళో లేదు కాబట్టి ఎవరూ చెప్పలేదు.”

“నువ్వు చెప్పొచ్చు కదా.”

“చెబుదామనే తీశాను ఫోను. మనం ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు. ఆవిడ ‘అక్కా, ఎలా ఉన్నావు, రెండు రోజులుగా పలకట్లేదు’ అని రాసింది. నేను ‘బాగానే ఉన్నాను’ అని కొట్టాను.”

“బాగానే ఉన్నాను అని.”

“అది కొట్టడం తేలిక అత్తయ్యా. జరిగింది రాయాలంటే చాలా పొడుగు.”

“ఆవిడ నమ్మిందా?”

“ఎందుకు నమ్మదు? తన ఫోను నుంచి వెళ్ళింది. తను రాసినట్టే రాశాను. చివర పసుప్పచ్చ పువ్వు బొమ్మ ఒకటి పెట్టేది, అది కూడా పెట్టాను.”

“మాట్లాడమని అడగలేదా ఎప్పుడూ?”

“అడిగింది. గొంతు బాలేదని రాశాను. మిరియాల పాలు తాగమంది.”

“ఒక్కసారి ఆ పొయ్యి కట్టెయ్యి బాబూ. నేను కూర్చుంటాను.”

“గట్టిపడిపోతుంది.”

“పడనీ. మళ్ళీ కరుగుతుంది. ఇంకా ఏం రాశావు?”

“ఏవేవో. ఏం తిన్నావు, ఏం వండావు. వాళ్ళాయన గురకపెడతాడంట, ఆ గొడవ. మా ఆయనా అంతే అని రాశాను.”

“నీ గురించి నువ్వే.”

“తను చెప్పేదే కదా. తర్వాత ఓ రాత్రి ఆవిడకి నొప్పులు మొదలయ్యాయి. భయమేస్తోంది అక్కా, నేను బతకనేమో అని రాసింది. వెంటవెంటనే రాస్తూనే ఉంది.”

“నువ్వేం రాశావు?”

“అప్పుడు ఏం రాయాలో నాకు తోచలేదు. తనైతే ఏమంటుందా అని చూశాను.”

“ఏం రాశావు అంటున్నా.”

“‘భయపడకు. నేనున్నాను కదా’ అని.”

“నేనున్నాను కదా అని రాశావా?”

“ఊఁ.”

“నేనున్నాను కదా అని.”

“తెల్లారేదాకా అదే రాశాను. వేరే ఏం రాస్తాను. పొద్దున్నే పాప పుట్టిందని ఫొటో పెట్టింది. తర్వాత వెళ్ళి పళ్ళు తోముకున్నాను.”

“నీకు ఏమీ అనిపించలేదా?”

“లేదు అత్తయ్యా. నాకు ఏదీ అనిపించట్లేదు. ఆకలేస్తే తింటున్నాను. నిద్రొస్తే పడుకుంటున్నాను. బట్టలు ఇస్త్రీకి ఇస్తున్నాను. ఒక్క కన్నీటి చుక్క రాలేదు. ఆవిడకి జవాబు రాసేటప్పుడు తను ఏమంటుందో టక్కున తెలుస్తుంది. నేను ఏమంటానో మాత్రం తెలియట్లేదు. ఇది తప్పేనా?”

“ఏమో. నాకూ అంతే.”

“మీకా?”

“ఏడుద్దామని గదిలోకెళ్ళి కూర్చుంటాను. రాదు. లేచి మడతపెట్టిన బట్టలే మళ్ళీ మడతపెడతాను. మీ మావయ్య ఏడుస్తారు. ఆయన ఏడుస్తుంటే మంచినీళ్ళిచ్చి ఆ పక్కనే నిలబడతాను, గ్లాసు వెనక్కి తీసుకెళ్ళాలి కదా. నన్ను రాయి అనుకుంటున్నారు మా వీధిలో.”

“అన్నారా?”

“అనరు. చూస్తారు. పొయ్యి వెలిగించు. ఇప్పుడు ఏమని వచ్చింది ఆ ఫోన్లో? చదువు.”

“చేతికి చాక్లెట్ ఉంది.”

“తుడుచుకో. చదువు.”

“‘అక్కా, బయల్దేరాం. పాపని నీ ఒళ్ళో పెట్టేదాకా నాకు తోచదు.’”

“ఇక్కడికా?”

“ఇక్కడికే. నిన్న ఊరు నుంచి వచ్చేసింది. డబ్బా కావాలంది. గేటుకి తగిలించి ఉంచుతా, తీసుకెళ్ళు అన్నాను. వినలేదు. నిన్ను చూడాలంది. వద్దనడానికి ఏ కారణమూ మిగల్లేదు, గొంతు సంగతి అయిపోయింది.”

“అందుకా నన్ను పిలిచావు?”

“చాక్లెట్ గడ్డకట్టిందని పిలిచాను.”

“అందుకే పిలిచావా అని అడుగుతున్నా.”

“ఏమో అత్తయ్యా. రెండూనేమో.”

“ఇప్పుడేం చేద్దామనుకుంటున్నావు?”

“డబ్బా బయట పెట్టి తలుపేసుకుని కూర్చుందాం. కాసేపు కొట్టి వెళ్ళిపోతుంది.”

“పసిగుడ్డుని చంకనేసుకుని మెట్లెక్కి వస్తుంటే తలుపేసుకుంటావా? దాని ఇంట్లో? ఎవరైనా వస్తే చేతిలో పని అలాగే వదిలేసి ఎదురెళ్ళేది అది.”

“అయితే మీరు చెప్పండి ఏం చెయ్యాలో.”

“ఉన్నమాట చెప్పాలి. ఇవాళే చెప్పాలి. ఆ పిల్ల పాపం నువ్వే అది అనుకుని, కాదు, అదే రాస్తోందనుకుని... నాకు నోరు తడబడుతోంది. ఇవాళ చెప్పకపోతే రేపు అన్నప్రాసనకి పిలుస్తుంది, ఎల్లుండి పుట్టినరోజుకి పిలుస్తుంది. ఎన్నాళ్ళు రాస్తావు?”

“నేను చెప్పలేను.”

“నోటితో రెండు ముక్కలు.”

“రాయగలను. చెప్పలేను. ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు ఆ మాట. ఆఫీసులో వాళ్ళకి మావయ్యే ఫోన్ చేసి చెప్పారు.”

“సరే, నేను చెబుతాను.”

“మీరా?”

“కన్నదాన్ని. నాకేం భయం? తలుపు తీస్తాను, కూర్చోబెడతాను, మంచినీళ్ళిస్తాను, చెబుతాను. గుండె దిటవు చేసుకోమ్మా అంటాను.”

“ఆ తర్వాత?”

“అమ్మా, ఇలా జరిగింది అంటాను.”

“ఎలా జరిగింది అంటుంది.”

“జ్వరం వచ్చింది అంటాను. మామూలు జ్వరమే అనుకున్నాం, మర్నాడు ఆసుపత్రికి తీసుకెళ్ళాం అంటాను.”

“తర్వాత ఏమైంది అంటుంది అత్తయ్యా. ఇప్పుడెలా ఉంది అంటుంది.”

“అప్పుడు చెబుతాను.”

“ఏమని?”

“ముందు నువ్వు ఆ గిన్నె కలుపు, చుట్టూ గడ్డకట్టేస్తోంది.”

“మీరు మాత్రం ఎవరికైనా చెప్పారా, మీ వీధిలో?”

“అందరికీ తెలుసు.”

“మీరు చెప్పారా?”

“మీ మావయ్య చెప్పారు. ఇంకో నాలుగు ముంచితే డబ్బా నిండుతుంది. ఉప్పు ఎక్కడ, రవ్వలా ఉండే ఉప్పు?”

“పై అరలో. ఎంత చల్లాలి?”

“ఆవిడకి ఎక్కువ కావాలన్నావు కదా. తడిగా ఉండగానే చల్లు, ఆరితే నిలవదు. వేళ్ళు ఎత్తి చల్లు, అప్పుడు అన్నిటి మీదా పడుతుంది. ఒకటి నా నోట్లో పెట్టు చూద్దాం.”

“ఎలా ఉంది?”

“బాగానే ఉంటుంది.”

“ఉంటుందా?”

“నాకు రుచి తెలియట్లేదు. నువ్వు చూడు.”

“నాకూ తెలియదు.”

“చాల్లే. ఆ పిల్లకి తెలుస్తుంది. డబ్బాలో కాగితం వెయ్యి. వరసకీ వరసకీ మధ్య ఇంకో కాగితం. అలా కుక్కకు, విరుగుతాయి.”

“బెల్లు.”

“విన్నాను.”

“అత్తయ్యా, నేను గదిలో ఉంటాను.”

“ఉండవు. ఇక్కడే నిలబడు. నేను చెబుతాను, నువ్వు నా వెనక నిలబడు, అంతే. నీ చొక్కాకి చాక్లెట్ అయింది.”

“పర్లేదు.”

“అక్కా, తలుపు తియ్యి. ఎవరొచ్చారో చూడు.”

“వస్తున్నానమ్మా. వస్తున్నా.”

“నమస్తే అండీ. మీరు అక్కావాళ్ళ అమ్మగారు కదూ. చెప్పక్కర్లేదు లెండి, అదే ముక్కు. నమస్తే అన్నయ్యగారూ. ఇదుగో మా రాక్షసి. ఎండలో బయటికి తీసుకెళ్ళొద్దని, తోడొచ్చిన మా అమ్మ ఒకటే గోల. అక్కకి చూపించి వెంటనే వచ్చేస్తానని బతిమాలి వచ్చాను.”

“కూర్చోమ్మా. తల మీద గుడ్డ తియ్యి, ఉక్కపోస్తుంది దానికి.”

“మీరు ఎత్తుకోండి అమ్మగారూ. మెడ ఇంకా నిలవలేదు, జాగ్రత్త. మీకో సంగతి చెప్పనా? ఆ రాత్రి అక్క లేకపోతే నేనేమైపోయేదాన్నో. మా ఆయన భయపడి వరండాలోకి పోయాడు. మా అమ్మ దేవుడికి దణ్ణం పెడుతూ కూర్చుంది. అక్కే, ఎక్కడో ఇంత దూరాన ఉండి, నాతో తెల్లారేదాకా మేలుకుంది. మీరెంత మంచి పిల్లని కన్నారో మీకు తెలుసా?”

“తెలుసమ్మా.”

“ఏడుస్తున్నారేంటి అమ్మగారూ?”

“ఏం లేదు. పాప నా వేలు పట్టుకుంది.”

“అందరిదీ అలాగే పట్టేసుకుంటుంది, ఇక వదలదు. అక్క ఏది? వంటగదిలో ఉందా? చాక్లెట్ వాసన మెట్ల దాకా వస్తోంది.”

“అత్తయ్యా.”

“ఊఁ.”

“అత్తయ్యా, చెబుతానన్నారు.”

“చెబుతున్నాను బాబూ, ఉండు.”

“ఏంటండీ? అక్క ఎక్కడుంది?”

“లోపల పడుకుందమ్మా. పొద్దున్నుంచీ నిలబడి నీ కోసం ఇవన్నీ చేసింది, అలిసిపోయింది పిచ్చిపిల్ల. ఇప్పుడే కాస్త కునుకు పట్టింది, లేపొద్దు.”