నాయనకు సంపంగి సబ్బు

"అవ్వా, ఇంట్లోనే సబ్బు చేస్తాండా. దీంట్లో ఏం సెంటెయ్యమంటావు?"

సెంటా? యాదీ, మూత తియ్యి చూస్తా. అబ్బబ్బ, ముక్కు పగిలిపోతాది గదే పాపా! పెట్టు, పెట్టు మూత. మాయమ్మ చేసిన సబ్బు గూడా ఇట్లే ఘుమ్మంటాండె. నీకెప్పుడూ చెప్పలేదు గదా.

మాది ధర్మవరంలో అద్దకం పని. మా నాయన పచ్చిపట్టును సబ్బునీళ్లల్లో ఉడకబెట్టి, దాని బంకంతా పోగొట్టి, ఆమైన రంగేస్తాండె. అది ఉడుకుతాంటే ఒక కంపొస్తాది, పట్టుపురుగు కంపు. మాకు తెలీదనుకో, పుట్టినప్పట్నుంచి దాంట్లోనే ఉంటిమి గదా. నాయన చేతులు, అంగీ, కప్పుకునే దుప్పటి, అన్నీ అదే వాసన.

మాయక్కను హిందూపురానికిచ్చిరి. అప్పుడు అణాలు పోయి నయాపైసలొచ్చిన కొత్త... కాదు కాదు, అక్కకు కొడుకు పుట్టినప్పుడు నయాపైసలు. పెండ్లి అంతకు ముందే. వాళ్లది బెల్లం మండీ. ఇంట్లో సగం మాట కన్నడమే. అక్కవాళ్లత్త చెడ్డదని గాదు, కడుపునిండా పెట్టే మనిషే. కాకుంటే నాయన పోతే అరుగు మీదనే చాపేస్తాండె. అక్క ఒకతూరి ఇంటికొచ్చి అమ్మతో మెల్లిగా చెప్పె, "నాయన దగ్గర వాసనంటమ్మా. బిడ్డను ఎత్తుకోనియ్యదు మాయత్త" అని.

అమ్మ మర్సనాడే కొబ్బరినూనెలో సంపంగిపూలు నానేసె. కాస్టిక్ సోడా నీళ్లల్లో కలిపి... అది తగిల్తే బొబ్బలే, నువ్వు చేతులకేమన్నా తొడుక్కో. సోడా పడితే నీళ్లు కాగిపోతాయి గదా, ఆ వేడిమిందనే నూనె పోసేసె. ఇంగ సంపంగి యాడుంటాది? ఎగిరిపాయ. రెండోతూరి అత్తరు సాయిబు దగ్గర సంపంగి అత్తరు కొనె. ఆ బుడ్డికి పెట్టిన దుడ్లకు రెండు శేర్ల బియ్యమొస్తాండె, తెలుసునా! నీళ్లు సల్లారినంక నూనె పోసి, కట్టెతో తిప్పీ తిప్పీ, చిక్కబడినంక అత్తరేసి, కొబ్బరిచిప్పల్లో పోసి అటక మీద ఆరబెట్టె. నెల పొద్దు దాన్నెవుర్నీ ముట్టుకోనియ్యలా.

ఆ సబ్బు పూసుకోని నాయన హిందూపురం బయలెల్లె. నేనూ పోతి. పెనుకొండలో బస్సు మారాల. ఆడ కొళాయి కాడికి పోయి, జోబీలో నుంచి కాగితంలో చుట్టిన సబ్బుముక్క తీసి, మోచేతుల దాకా మల్లా రుద్దుకునె. "పొద్దున్నే పోసుకుంటివి గదా నాయనా?" అంటి. "బస్సు చెమటమ్మా" అనె, నా పక్క చూడకుండా. ఇంగ హిందూపురం దాకా యాడా ఆనుకోకుండా నిటారుగా కూర్చునె పాపం.

ఆ పొద్దు అక్కవాళ్లత్త "లోపలికి రాప్పా" అనె. బిడ్డ ఎగిరి నాయన సంకనెక్కె. ఆయన నవ్వింది ఇప్పటికీ కండ్లల్లో ఉండాది.

అంతే, ఆ పొద్దునుంచి దినామూ ఒంటికీ, గుడ్డలకూ అదే సబ్బు. పని దిగితానే బాయికాడికి పోయి, తోలు పగిలేటట్ల రుద్దుకుంటాండె. బిడ్డ ఎప్పుడొస్తాడో ఏమో అని. అమ్మ చేస్తానే ఉండె, ఈయన పూసుకుంటానే ఉండె. పోయేదాకా.

పోయినంక, అన్నీ అయిపోయి చుట్టాలంతా ఎల్లిపోయినంక, అక్క గోడమింద వంకెకు తగిలించిన నాయన అంగీ తీసి మొగానికి అద్దుకునె. ఆమైన దుప్పటి తీసె, తువ్వాల తీసె, అన్నీ మూచ్చూసె. "యాడా లేదే. అంతా సంపంగే. నాయన వాసన ఒక్కదాంట్లో గూడా లేదే" అని కూలబడి ఏడ్సె. అమ్మ గడపకాడ నిలబడి చూస్తాండె. ఆ పొద్దునుంచి అమ్మ మల్ల సబ్బు చెయ్యలా.

ఆ వాసనకేం తక్కువ పాపా? ఆ పనితోనే గదా మేమంతా తిన్నది. వాళ్లు కట్టుకున్న పట్టుచీరలకు రంగేసిందీ ఆ చేతులే. ఒక్కరన్నా ఆ మాట అక్కవాళ్లత్త మొగాన అనుంటే... ఎవురంటారు? పిల్లనిచ్చిన ఇల్లు.

సరే, ఎవురికి చేస్తాండావు ఇది? మీ నాయనకా? ఇయ్యి, సంతోషపడతాడు. సల్లంగుండు తల్లీ. సెంటు మాత్రం... ఒక్క చుక్క చాలు.