పై ముక్క సున్నా

హెల్సింకి విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ల గది. కప్పులో కాఫీ చల్లారిపోయినా ఓస్మో ముట్టుకోలేదు. ఎదురుగా తూలిక్కి కూర్చుంది. ఉత్తరాన ఇనారి సరస్సు ఒడ్డున ఒక యాస మాట్లాడే ఆఖరి మనిషి ఎల్లె అవ్వ. నిరుడు కన్నుమూసిన ఆ అవ్వ గొంతును తూలిక్కి పదకొండేళ్ళు రికార్డు చేసింది. వాటన్నిటినీ ఒకే ఫైల్లోకి ఎక్కించే ప్రోగ్రాం రాసింది ఓస్మో.

“నాన్చకుండా చెప్పు, ఓస్మో.”

“ఫైల్లో ఫలానా చోటికి వెళ్ళమని సిస్టమ్‌కి చెప్పాలండీ. పెద్ద ఫైలైతే ఆ చోటు సంఖ్యను పై ముక్క, కింది ముక్క అని రెండుగా ఇవ్వాలి. నేను పై ముక్క ఎప్పుడూ సున్నాయే ఇచ్చాను.”

“ఇస్తే?”

“నాలుగు గిగాబైట్లు దాటగానే ప్రోగ్రాం మళ్ళీ ఫైలు మొదటికి వెళ్ళిపోయింది. కొత్తవి పాతవాటి మీద పడ్డాయి.”

“పాతవంటే... మొదటి చలికాలంవా? జోలపాటలు, చేపల పేర్లు?”

“అన్నీ పోయాయండీ.”

“టేపులు?”

“ఫైల్లోకి ఎక్కించాక చెరిపేశాం కదండీ.”

“చెరిపేసి మళ్ళీ వాడుకోమన్నది నువ్వే కదయ్యా!”

“నేనేనండీ.”

“వాటి మీద పడ్డవేమిటి?”

“ఆఖరివి. ఆసుపత్రిలోవి.”

“అప్పటికి అవ్వకి మాట పడిపోయింది. ఊరికే మైకు పెట్టుకుని పక్కన కూర్చునేదాన్ని.”

“ఊపిరి వినిపిస్తోందండీ. మధ్యమధ్యలో మీరేదో పాడుతున్నారు. జోలపాటేనా?”

“ఒక్క చరణమే వచ్చు, అదీ తప్పులతో. అవ్వ సరిదిద్దుతుందేమోనని పాడేదాన్ని.”