ఎర్ర గడి

షాంటిలీ సాకర్ గ్రౌండ్ పార్కింగ్‌లో మ్యాచ్ ఓడిన కూతురు కార్ ఎక్కి, తండ్రి వైపు చూడకుండా కూర్చుంది.

"ఆట మొత్తంలో నీకు ఒక్కరూ పాస్ ఇవ్వలేదేం?"

"నీ షీట్ చూశారు, నాన్నా."

"అది కోచ్‌కే కదా పంపాను!"

"రిప్లై ఆల్ కొట్టావు. టీమ్ అందరికీ వెళ్ళింది. నేను గ్రీన్, మిగతా అందరూ రెడ్."

ఎవరెంత పరిగెత్తారో ప్రతి మ్యాచ్‌లో రాసుకుని, ఆఫీసు అప్రైజల్‌లా రంగులేసింది ఆయనే.

"ఉన్నదే రాశాను. అందరికంటే ఎక్కువ కష్టపడేది నువ్వే. పొద్దున్నే ఆరింటికి గ్రౌండ్‌లో ఉండేది ఎవరు?"

"నేను, ఇషిత."

"ఆ గోల్‌కీపరా? మ్యాచ్‌లో అసలు కదలదు. అందుకే లేజీ అని పెట్టాను."

"నువ్వు నన్ను డ్రాప్ చేసి ఆఫీస్‌కి వెళ్ళిపోతావు. నేను రోజూ వంద షాట్లు కొడతాను. గోల్‌లో నిలబడి ఆ వందా ఆపేది ఎవరనుకున్నావు?"

ఆయన కార్ స్టార్ట్ చేయకుండా కూతురి వైపు తిరిగారు.

"రేపు పొద్దున నిన్ను దింపినప్పుడు ఆ అమ్మాయికి సారీ చెప్తాలే."

"రేపు దింపక్కర్లేదు, నాన్నా. తను ఇంక రానంది."